కీమో పనిచేస్తోందో లేదో తెలియాలంటే పెట్ స్కానా, సీటీనా, ఎంఆర్‌ఐనా, రక్తపరీక్షా?

రెండో సైకిలో మూడో సైకిలో అయ్యేసరికి ఇంట్లో అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. జుట్టు ఊడింది, వాంతులయ్యాయి, నోట్లో పుళ్లు లేచాయి. ఇంత పడ్డాక లోపల గడ్డ కదిలిందా లేదా? బాగా నీరసపడ్డారంటే మందు బాగా పట్టినట్టే అని కొందరు ధైర్యం చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు గానీ, దుష్ప్రభావాలను చూసి గడ్డ సంగతి చెప్పలేం. దానికి పరీక్ష కావాలి.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒక డాక్టరు సీటీ చాలంటారు. ఇంకొకరు పెట్-సీటీ రాస్తారు. పక్క బెడ్డు పేషెంటుకు రక్తపరీక్షతోనే సరిపెట్టారు. ‘ఎలాగూ తీస్తున్నాం, అన్నిటికన్నా పెద్ద స్కానే తీయిస్తే పోలా?’ అనిపిస్తుంది. నా మాట ముందే చెప్పేస్తాను. పెట్ అనేది సీటీకి పై మెట్టు కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తాయి. గడ్డ ఎంత ఉందో సీటీ చెబుతుంది, అది గ్లూకోజ్‌ను ఎంత లాగుతోందో పెట్ చెబుతుంది. మీ వైద్యంలో ఇప్పుడు ఏ ప్రశ్న ముందుందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

## స్కాన్ పేరు కంటే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది: రిపోర్టు వచ్చాక ఏం మారుతుంది? మందు మార్చడమా, తగ్గించడమా, ఆపేసి ఆపరేషన్‌కి వెళ్లడమా? రిపోర్టు ఎలా వచ్చినా అవే మందులు, అవే సైకిళ్లు అయితే ఆ స్కాన్ మన టెన్షన్ కోసమే తప్ప వైద్యం కోసం కాదు. ‘బాగుంటే ఏం చేస్తారు, బాగోకపోతే ఏం చేస్తారు?’ అని ఆంకాలజిస్టును నేరుగా అడగండి. రెండు జవాబులూ ఒకటే అయితే ఆ స్కాన్‌కు తొందర లేదు.

రెండోది, మీ క్యాన్సర్ గ్లూకోజ్‌ను గట్టిగా లాగే రకమేనా? హాడ్జ్‌కిన్ లింఫోమా, వేగంగా పెరిగే ఇతర లింఫోమాలు (లింఫు గ్రంథుల క్యాన్సర్లు), ఊపిరితిత్తుల క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ పెట్‌లో సాధారణంగా బాగా వెలుగుతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్లు చాలావరకు వెలగవు. జిగురు ఎక్కువగా ఉండే మ్యూసినస్ రకాలు, నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే) గడ్డలు, కొన్ని కాలేయ, కిడ్నీ క్యాన్సర్లు, రొమ్ములో లోబ్యులర్ రకం కూడా చాలాసార్లు మసకగానే కనిపిస్తాయి. మొదట్లోనే వెలగని గడ్డ తర్వాత చీకటిగా ఉందని సంతోషపడి లాభం లేదు.

మూడోది, కీమో మొదలుకాకముందు తీసిన అదే రకం స్కాన్ చేతిలో ఉందా? మొదట్లో సీటీ మాత్రమే తీసి, మధ్యలో పెట్ తీస్తే రిపోర్టులో ‘అప్‌టేక్ 5’ (గ్లూకోజ్ లాగుడు కొలత) అని వస్తుంది. ఆ 5 అనేది 20 నుంచి దిగిందో, 4 నుంచి ఎక్కిందో ఎవరూ చెప్పలేరు. లింఫోమాలో కాలేయంతో పోల్చి కొంతవరకు నెట్టుకురావచ్చు. మిగతా చాలా క్యాన్సర్లలో మొదటి పెట్ లేకుండా రెండో పెట్ విలువ బాగా పడిపోతుంది.

ఇక జవాబు ఎంత త్వరగా కావాలి, షుగర్ వ్యాధి ఉందా, కిడ్నీల పరిస్థితి ఏంటి, గర్భం ఉందా, ఒంట్లో లోహపు పరికరాలున్నాయా అన్నవి కూడా చూడాలి. వాటిని సందర్భాన్ని బట్టి కింద చెబుతాను.

## పెట్: గడ్డ ఆకలిని చూసే స్కాన్

క్యాన్సర్ కణాలు చుట్టూ ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను విపరీతంగా తీసుకుని, పులియబెట్టే దారిలోనే ఖర్చు చేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించాడు. పెట్ స్కాన్ ఆ అలవాటు మీదే నడుస్తుంది. ఇంజెక్షన్‌లో ఇచ్చేది ఎఫ్‌డీజీ, అంటే గ్లూకోజ్ అణువులో ఒకచోట రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన పదార్థం. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటుంది. హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్‌ను అంటిస్తుంది. మామూలు గ్లూకోజ్ అయితే అక్కడి నుంచి ముందుకు సాగి ఖర్చైపోతుంది. ఎఫ్‌డీజీ ఆకారం కాస్త వేరు కావడంతో ముందుకు పోలేదు, ఫాస్ఫేట్ అంటుకుంది కాబట్టి బయటికీ రాలేదు. ఎక్కువ లాక్కున్న కణంలో ఎక్కువ పోగుపడుతుంది.

అలా చిక్కుకున్న ఫ్లోరిన్-18 పాజిట్రాన్లను వదులుతుంది. ఒక్కో పాజిట్రాన్ దగ్గర్లోని ఎలక్ట్రాన్‌ను ఢీకొని, రెండూ మాయమై, దాదాపు ఎదురెదురు దిక్కుల్లో రెండు గామా కిరణాలు బయల్దేరతాయి. మనం పడుకున్న బల్ల చుట్టూ ఉండే రింగు ఆ జంటలను ఒకేసారి పట్టుకుని అవి ఎక్కడ పుట్టాయో లెక్కగడుతుంది. ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు, అంటే దాదాపు రెండు గంటలకోసారి సగమైపోతుంది. 1976లో మొదటిసారి మనుషులకు ఇచ్చిన ఎఫ్‌డీజీని అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లేబరేటరీలో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పంపారు. దారిలోనే కరిగిపోతూ వెళ్లిన మందు అది. స్కాన్ సెంటర్లలో టైము గురించి ఇప్పటికీ అంత హడావుడి ఎందుకో దీన్ని బట్టి అర్థమవుతుంది.

రిపోర్టులో ‘ఎస్‌యూవీ’ అని కనిపించే అంకె బ్రహ్మపదార్థమేమీ కాదు. 70 కిలోల మనిషికి 350 మెగాబెక్వెరెల్ (రేడియోధార్మికతకు కొలమానం) ఎఫ్‌డీజీ ఇంజెక్ట్ చేశారనుకోండి. అది ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే గ్రాముకు 5 కిలోబెక్వెరెల్ పడుతుంది. గడ్డలో గ్రాముకు 60 కనిపిస్తే ఎస్‌యూవీ 12. అంటే సగటు కంటే 12 రెట్లు ఎక్కువ లాగిందన్నమాట. మధ్యలో కరిగిపోయిన భాగాన్ని కంప్యూటరే సరిచేస్తుంది.

ఈ అంకె ఎంత తగ్గితే మందు పనిచేసినట్టు? ఎంత జాగ్రత్తగా తీసినా, ఏ మందూ వేయని గడ్డలో కూడా ఒక స్కాన్‌కీ ఇంకో స్కాన్‌కీ 10, 15 శాతం తేడా రావచ్చు. అందుకే 2009లో వచ్చిన పెర్సిస్ట్ ప్రమాణం 30 శాతం తగ్గితేనే స్పందన అంటుంది. 8.1 నుంచి 7.4కి దిగిందని సంబరపడేవాళ్లు, 7.4 నుంచి 8.1కి ఎక్కిందని నిద్ర మానుకునేవాళ్లు ఇద్దరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది. అంత చిన్న తేడా స్కాన్‌దే కావచ్చు, గడ్డది కాకపోవచ్చు.

లింఫోమాలో ఈ శాతాల గొడవ కన్నా డోవిల్ స్కోరు ఎక్కువ వాడతారు. 1 నుంచి 5 వరకు ఉంటుంది. వెలుగే లేకపోతే 1. ఛాతీ మధ్యలోని రక్తనాళాల స్థాయి దాటకపోతే 2. దాన్ని దాటినా కాలేయాన్ని మించకపోతే 3. కాలేయం కన్నా కాస్త ఎక్కువైతే 4. బాగా ఎక్కువైనా, కొత్త మచ్చలు వచ్చినా 5. మామూలుగా 1, 2, 3 మంచి వార్త కిందే లెక్క.

### పెట్ నిజంగా గెలిచే చోట్లు

హాడ్జ్‌కిన్ లింఫోమా దీనికి పాఠంలాంటి ఉదాహరణ. రాథల్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో రెండు సైకిళ్లయ్యాక పెట్ తీశారు. శుభ్రంగా వచ్చినవాళ్లలో కొందరికి నాలుగు మందులూ కొనసాగించారు, మిగతావాళ్లకు ఊపిరితిత్తులను దెబ్బతీయగల బ్లియోమైసిన్‌ను తీసేశారు. మూడేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 85.7 శాతం, రెండో గుంపులో 84.4 శాతం. తేడా అంతే, ఊపిరితిత్తుల ఇబ్బంది మాత్రం తగ్గింది. స్కాన్ వల్ల మందు మారడం అంటే ఇదీ. హాడ్జ్‌కిన్ పేషెంటు ‘మధ్యలో పెట్ ఎప్పుడు?’ అని అడగడం అతి కాదు, అవసరం.

జిస్ట్ అనే జీర్ణాశయ గడ్డ ఇంకా విచిత్రం. ఇమాటినిబ్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి 24 గంటల్లోనే, పెట్‌లో వెలుగు ఆరిపోతుంది. సీటీలో మాత్రం గడ్డ నెలల తరబడి అదే సైజులో ఉండొచ్చు, లోపల మెత్తబడి కాస్త పెరిగినట్టు కూడా కనిపించొచ్చు. సైజు చూసి మందు ఆపేస్తే పనిచేస్తున్న మందును పారేసుకున్నట్టే. ఇమాటినిబ్ కీమో కాదు, లక్ష్యిత చికిత్స మాత్ర. అయినా గడ్డ చావుకీ సైజుకీ మధ్య ఎంత ఆలస్యం ఉండగలదో ఇంత స్పష్టంగా చూపించే జబ్బు ఇంకోటి లేదు.

అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట వచ్చే క్యాన్సర్‌లో 2007లో వచ్చిన మ్యూనికాన్ అధ్యయనం ఇంకో దారి చూపింది. కీమో మొదలైన 14వ రోజుకు ఎస్‌యూవీ కనీసం 35 శాతం తగ్గినవాళ్లకే కీమో కొనసాగించి, తగ్గనివాళ్లను నేరుగా ఆపరేషన్‌కు పంపారు. పనిచేయని మందును నెలల పాటు ఎక్కించకుండా రెండు వారాల్లో తేల్చేయొచ్చన్న ఆలోచన అది.

### పెట్ మోసం చేసే చోట్లు

గ్లూకోజ్‌ను లాగేది క్యాన్సర్ ఒక్కటే కాదు. ఇన్‌ఫెక్షన్, క్షయ, సార్కాయిడ్ అనే వాపు జబ్బు, మానుతున్న ఆపరేషన్ గాయం, అన్నీ వెలుగుతాయి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లకు ఎముకల మూలుగంతా ఒకేలా మెరుస్తుంది. చిన్నవయసు వాళ్లలో కీమో అయ్యాక ఛాతీలోని థైమస్ గ్రంథి మళ్లీ ఉబ్బి వెలుగుతుంది. ఆ ఒక్క మచ్చతో ఇంట్లోవాళ్లకు నెలరోజులు నిద్ర పట్టదు.

ఇటువైపు మోసం ఇంకా ప్రమాదకరం. 8, 10 మిల్లీమీటర్ల కంటే చిన్న గడ్డలో వెలుగు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఘన సెంటీమీటరు గడ్డలో స్థూలంగా 100 కోట్ల దాకా కణాలుంటాయని అంచనా. కాబట్టి స్కాన్ శుభ్రంగా ఉంటే, కంటికి ఆనేంత జబ్బు లేదనే అర్థం. ఒక్క కణం కూడా మిగల్లేదని కాదు. స్కాన్ క్లీన్‌గా వచ్చినా మిగిలిన సైకిళ్లు పూర్తి చేయమనేది అందుకే. మధ్యలో మానేయాలనిపించడం సహజమే, కానీ ఆ నిర్ణయం ఆ ఒక్క కాగితాన్ని చూసి తీసుకునేది కాదు.

## సీటీ: పాతదే, కానీ గట్టిది

చాలా ఘన కణితుల్లో మందు పనిచేస్తోందా అని చూసేది ఇప్పటికీ సీటీతోనే. రెసిస్ట్ 1.1 అనే ప్రమాణం ప్రకారం ఎంచుకున్న గడ్డల పొడవులను కూడతారు, ఐదు గడ్డలకు మించకుండా, ఒక్కో అవయవంలో రెండు మించకుండా. మొత్తం కనీసం 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన. అతి తక్కువగా ఉన్నప్పటి కన్నా కనీసం 20 శాతం, 5 మిల్లీమీటర్లు పెరిగితే ముదిరినట్టు. ఈ రెంటి మధ్య ఉంటే ‘స్టేబుల్’.

స్టేబుల్ అనే మాట చూసి మొహం మాడ్చుకునేవాళ్లు ఒక చిన్న లెక్క చూడాలి. గుండ్రటి గడ్డ అడ్డకొలత 50 మిల్లీమీటర్ల నుంచి 40కి వచ్చిందనుకోండి. 20 శాతమే తగ్గింది కాబట్టి రిపోర్టు స్టేబుల్ అంటుంది. కానీ ఘనపరిమాణం దాదాపు సగమైపోయింది. అదే 35కి దిగితే పాక్షిక స్పందన అంటారు, అప్పటికి మూడింట రెండొంతుల గడ్డ పోయింది.

సీటీ బలం ఏంటంటే త్వరగా అయిపోతుంది, ఎక్కడ తీసినా దాదాపు ఒకేలా కొలవొచ్చు, ఊపిరితిత్తుల్లోని చిన్న చుక్కలు కూడా తెలుస్తాయి. బలహీనత: చచ్చిన గడ్డనూ బతికున్న గడ్డనూ వేరుచేయడం దానికి కష్టం. లింఫోమా తగ్గాక ఛాతీలో మచ్చకట్టిన ముద్ద నెలల తరబడి మిగిలిపోతుంది. ఎముకల్లో ఇంకో తిరకాసు ఉంది. మందు పనిచేసి ఎముక మానేటప్పుడు ఆ చోటు గట్టిపడి సీటీలో కొత్త మచ్చలా తేలుతుంది. బాగవుతున్న మనిషి రిపోర్టులో జబ్బు పెరిగినట్టు కనిపించే సందర్భం ఇది. ఇలాంటప్పుడు పెట్ అదనంగా తీయించడంలో అర్థముంది.

పెట్-సీటీలోనూ సీటీ ఉంటుంది కదా, మళ్లీ వేరేగా ఎందుకు అని చాలామంది అడుగుతారు. పెట్‌తో కలిపి తీసేది చాలాచోట్ల తక్కువ డోసు సీటీ, రంగు మందు లేకుండా తీసేది. కాలేయంలో మచ్చను మిల్లీమీటర్లలో కొలవడానికి అది సరిపోకపోవచ్చు. రంగు మందుతో పూర్తి సీటీ కూడా అదే సిటింగులో తీస్తారా అని ముందే అడిగితే రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది. ఆ రంగు మందుకు కిడ్నీల పరీక్ష, అలర్జీ వివరాలు కావాలి. ఎఫ్‌డీజీతో ఆ బెంగ లేదు.

## ఎంఆర్‌ఐ

మలాశయం, మెదడు, కాలేయం, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం: ఈ చోట్ల ఎంఆర్‌ఐకి పోటీ తక్కువ. మెదడు మామూలుగానే గ్లూకోజ్‌ను దండిగా వాడుతుంది కాబట్టి ఎఫ్‌డీజీ పెట్‌లో మొత్తం మెరిసిపోతుంది. ఆ వెలుగులో గడ్డను వెతకడం కష్టం. డిఫ్యూజన్ అనే పద్ధతిలో నీటి అణువుల కదలికను చూస్తారు. బతికున్న గడ్డలో కణాలు కిక్కిరిసి ఉండి నీరు కదల్లేదు, కణాలు చచ్చి ఖాళీ ఏర్పడితే స్వేచ్ఛగా కదులుతుంది. సైజు మారకముందే మార్పు పట్టుకునే అవకాశం ఇక్కడా ఉంది.

రేడియేషన్ ఉండదు. టైము మాత్రం ఎక్కువ పడుతుంది, చప్పుడు ఎక్కువ, ఇరుకు గొట్టమంటే భయమున్నవాళ్లకు నరకం. కొన్ని రకాల పేస్‌మేకర్లున్నవాళ్లకు కుదరదు.

## రక్తపరీక్షలు

ట్యూమర్ మార్కర్ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థం) ముందే పెరిగి ఉంటేనే దానితో పని. వృషణాల జెర్మ్ సెల్ (బీజకణాల నుంచి పుట్టే) గడ్డల్లో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే మార్కర్లు ఎంత వేగంగా దిగుతున్నాయన్నదే ఒక స్కాన్ రిపోర్టుతో సమానం. ఏఎఫ్‌పీ 5 నుంచి 7 రోజులకోసారి సగమవ్వాలి. అండాశయ క్యాన్సర్‌లో సీఏ-125 సగానికి పడి, కనీసం 28 రోజులు అలాగే నిలబడితే స్పందన కింద లెక్కిస్తారు. పెద్దపేగు క్యాన్సర్‌లో సీఈఏ కొంచెం గడుసుది. కీమో మొదలైన తొలి వారాల్లో, మందు పనిచేస్తున్నా అది కాస్త ఎగరొచ్చు. ఒక్క అంకెను చూసి కాక వరసను చూసి మాట్లాడాలి. రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏ పరీక్షలు కూడా వస్తున్నాయి, కానీ కీమో మధ్యలో మందు మార్చడానికి వాటి ఒక్కదాని మీదే ఆధారపడటం ఇంకా మామూలు పద్ధతి కాలేదు.

## ఒక్కచోట చూస్తే

| | పెట్-సీటీ | సీటీ | ఎంఆర్‌ఐ | ట్యూమర్ మార్కర్ |
|---|---|---|---|---|
| చూసేది | గ్లూకోజ్ లాగుడు | సైజు, ఆకారం | కణజాల స్వభావం, సైజు | రక్తంలో పదార్థం స్థాయి |
| మార్పు కనిపించేది | రోజుల నుంచి వారాల్లో | రెండు, మూడు నెలల్లో | వారాల నుంచి నెలల్లో | వారాల్లో |
| బాగా పనికొచ్చేది | లింఫోమా, అన్నవాహిక, జిస్ట్ | ఊపిరితిత్తులు, పొట్ట, చాలా ఘన కణితులు | మలాశయం, మెదడు, కాలేయం, రొమ్ము | జెర్మ్ సెల్, అండాశయం |
| పొరబడేది | ఇన్‌ఫెక్షన్, వాపు, చిన్న గడ్డలు | మిగిలిన మచ్చ ముద్దలు, మానే ఎముకలు | వైద్యం తర్వాతి వాపు | తొలి వారాల ఎగుడు |
| రేడియేషన్ | ఉంది | ఉంది | లేదు | లేదు |
| ముందు చూడాల్సింది | రక్తంలో షుగర్ | కిడ్నీలు, అలర్జీ | లోహం, ఇరుకు భయం | మొదట్లో పెరిగి ఉందా |

రేడియేషన్ గురించి ఒక మాట. 370 మెగాబెక్వెరెల్ ఎఫ్‌డీజీతో ఒంటికి దాదాపు 7 మిల్లీసీవర్టుల రేడియేషన్ తగులుతుంది, సీటీది దీనికి అదనం. ప్రకృతి నుంచి ఏడాదికి సగటున తగిలేది 2.4. క్యాన్సర్‌కు వైద్యం తీసుకుంటున్న పెద్దవాళ్లకు అవసరమైన స్కాన్ విషయంలో ఇది పెద్ద అడ్డంకి కాదు. పిల్లలకు మాత్రం ప్రతి స్కానూ లెక్కపెట్టి తీయాలి.

## మీ పరిస్థితి ఏదైతే

హాడ్జ్‌కిన్ లింఫోమా అయితే మొదట్లో పెట్, రెండు సైకిళ్లయ్యాక పెట్, చివర్లో అవసరాన్ని బట్టి పెట్. డబ్బు, దూరం వల్ల ఏదో ఒకటి తగ్గించుకోవాల్సి వస్తే మొదటిది వదలకండి. వేగంగా పెరిగే బి-సెల్ లింఫోమా అయితే చివరి పెట్‌కు చాలా విలువ ఉంది. మధ్య పెట్‌ను చూసి మందు మార్చడానికి హాడ్జ్‌కిన్‌లో ఉన్నంత గట్టి ఆధారం లేదు. రెండింటిలోనూ జబ్బు పూర్తిగా తగ్గి బాగున్న మనిషికి ఆరేసి నెలలకోసారి పెట్ తీయిస్తూ పోవడం నాకు నచ్చదు. చాలా మార్గదర్శకాలు కూడా దాన్ని సమర్థించవు.

ఊపిరితిత్తి, పెద్దపేగు, క్లోమం లాంటి ఘన కణితి వ్యాపించి, కీమో నడుస్తుంటే రంగు మందు సీటీ, పనికొస్తే మార్కరు. మామూలుగా ఇదే చాలు. సీటీలో కనిపించేదీ మనిషి పరిస్థితీ పొంతన కుదరనప్పుడు పెట్ గురించి అడగండి: నొప్పి తగ్గి తిండి పెరిగింది గానీ ఎముకల్లో కొత్త మచ్చలున్నాయంటున్నారు, అలాంటప్పుడు. కాలేయంలోని మచ్చలను తీసేద్దామనుకుంటుంటే ఒక జాగ్రత్త ఉంది. కీమో తర్వాత పెట్ అక్కడ చాలా మచ్చలను పట్టుకోలేదు. ఎంఆర్‌ఐ మేలు.

వృషణాల క్యాన్సర్‌లో రకాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది. సెమినోమా అనే రకం అయి, కీమో తర్వాత 3 సెంటీమీటర్ల కన్నా పెద్ద ముద్ద మిగిలితే, కనీసం ఆరు వారాలాగి తీసిన పెట్ ఉపయోగపడుతుంది. సెమినోమా కాకపోతే మిగిలిన ముద్దలో టెరటోమా అనే రకం గడ్డ ఉండొచ్చు. అది గ్లూకోజ్‌ను పట్టించుకోదు కాబట్టి పెట్ చీకటిగా వచ్చినా ధైర్యం లేదు.

ప్రోస్టేట్, న్యూరోఎండోక్రైన్ అయితే ఎఫ్‌డీజీ కాకుండా వేరే ట్రేసర్లు (స్కాన్‌కు ముందు ఎక్కించే రేడియోధార్మిక మందులు) ఉన్నాయి. ప్రోస్టేట్‌కు పీఎస్‌ఎంఏ, న్యూరోఎండోక్రైన్‌కు డోటాటేట్. ‘పెట్ తీయించమన్నారు’ అని వినగానే ఏ ట్రేసరుతో అని అడగడం తప్పనిసరి.

ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి ఉసిగొల్పే వైద్యం) కలిసి ఉంటే ఏ స్కాన్‌లోనైనా మొదట పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గే అవకాశం కొద్దిమందిలో ఉంది. రోగనిరోధక కణాలే గడ్డలో గుంపుకట్టి ఉబ్బిస్తాయి, పైగా అవీ గ్లూకోజ్‌ను లాగుతాయి. మనిషి కులాసాగా ఉంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ తీసి నిర్ధారించుకోవడం పద్ధతి.

గర్భం ఉంటే ఎంఆర్‌ఐ, అల్ట్రాసౌండ్ ముందు వస్తాయి. పాలిచ్చే తల్లి పెట్‌కు వెళ్తుంటే బిడ్డను కొన్ని గంటలు ఎత్తుకోకూడదు, ఎంతసేపన్నది సెంటరువాళ్లు చెబుతారు.

షుగర్ వ్యాధి ఉంటే పెట్ కుదరదనేం లేదు. కానీ కింది భాగం రెండుసార్లు చదవండి.

## పెట్టే ఖాయమైతే

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడుతుంది, గడ్డకు వాటా తగ్గుతుంది. మొదటి స్కాన్ రోజు షుగర్ 110, రెండో స్కాన్ రోజు 240 ఉందనుకోండి. గడ్డ ఏమీ మారకపోయినా మసకబారి కనిపించొచ్చు. మందు పనిచేసిందనుకుంటాం. షుగర్ ఎక్కువుందని అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసుకుని వెళ్తే ఇంకో ముప్పు, ఎఫ్‌డీజీ అంతా కండరాల్లోకి పోతుంది. సాధారణంగా 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కూ ఎఫ్‌డీజీ ఇంజెక్షన్‌కూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకు పేగులు బాగా వెలుగుతాయి. పొట్టలోనే జబ్బుంటే రెండు రోజుల ముందు ఆపాలేమో డాక్టర్ని అడగండి, సొంతంగా ఆపకండి.

కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. ముందురోజు బరువులెత్తడం, పరుగులు వద్దు. ఇంజెక్షన్ తర్వాత సుమారు గంటసేపు వెచ్చగా, కదలకుండా, వీలైతే మాట్లాడకుండా పడుకోవాలి. చలికి వణికితే మెడలోని బ్రౌన్ ఫ్యాట్ (ఒంటికి వేడి పుట్టించే కొవ్వు) వెలుగుతుంది. ఫోన్లో గంటసేపు మాట్లాడితే గొంతు కండరాలు వెలుగుతాయి. సూది గుచ్చిన చోట మందు బయటికి కారి మంట, వాపు వస్తే వెంటనే చెప్పండి. సగం మందు చేతిలోనే ఉండిపోతే గడ్డ అంకె తప్పుగా తగ్గుతుంది.

టైమింగ్ కూడా చూసుకోవాలి. కీమో ఎక్కించిన కనీసం పది రోజుల తర్వాత, వీలైనంతవరకు తర్వాతి సైకిల్‌కు ముందు రోజుల్లో తీయాలి. కీమో అంతా అయ్యాక చివరి పెట్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగడం మంచిది, రేడియేషన్ తర్వాత దాదాపు మూడు నెలలు. ‘త్వరగా తెలుసుకుందాం’ అని వారం ముందే తీయించి, వాపును జబ్బనుకుని, బయాప్సీ దాకా వెళ్లి, చివరికి ఏమీ లేదని తేలడం కంటే ఆగడమే నయం.

రెండో స్కాన్‌ను మొదటి స్కాన్ తీసిన మెషీన్ మీదే తీయించండి. ఇంజెక్షన్‌కూ స్కాన్‌కూ మధ్య మొదటిసారి 60 నిమిషాలైతే రెండోసారీ అంతే ఉండాలి, పది నిమిషాలకు మించి తేడా రాకూడదు. గంటన్నర ఆలస్యమైతే చాలా గడ్డల్లో వెలుగు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, పెరగని జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది. బరువు కూడా ప్రతిసారీ కొత్తగా తూచాలి. కీమోలో ఎనిమిది కిలోలు తగ్గిన మనిషికి పాత బరువే రాసేస్తే ఎస్‌యూవీ లెక్క తప్పుతుంది.

ఊరు మారి వేరే సెంటరుకు వెళ్లక తప్పకపోతే పాత రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. బొమ్మలున్న సీడీ అడిగి తీసుకోండి. కాగితం మీద ‘ఎస్‌యూవీ 9.2’ అని మాత్రమే ఉంటుంది. అది ఏ గడ్డదో, ఎన్ని నిమిషాలకు తీశారో, ఆ రోజు షుగర్ ఎంతో, కాలేయం వెలుగు ఎంతో కొత్త డాక్టరు ఆ సీడీ తెరిచి, కాలేయం మీద గుండ్రంగా గీసి, రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే తేలుతుంది.